ముందు పైది

రాణిగంజ్ రేకుల షెడ్డులో
నా తొంభై రెండు మోడల్ జిప్సీ
నాలుగు సిమెంటు దిమ్మెల మీద.

"ముందు పై నట్టు విప్పు," అన్నాడు మోయిన్ భాయ్.
"కిందికెల్లి నూనె మొత్తం ఒంపినంక
పైది రాకపోతే ఏం జేస్తవ్?
ఖాళీ కడుపుతోటి ఈడనే పంటది బండి."

పైది తుప్పుతో బిగుసుకుంది.
పానాకి ఇనుప గొట్టం తొడిగి
మనిషినంతా వేలాడితే
కీచుమని ఒప్పుకుంది.

అప్పుడు కిందిది.
వెనక ఇరుసులోంచి
పాలెక్కువైన చాయ్ కారింది.
"నీళ్లు తాగింది. ఏ వాగుల దింపినవ్?"
చెప్పలేదు.
జూలైలో ఈసీ వాగు,
బానెట్ దాకా నీళ్లు, నేను నవ్వడం.

అయస్కాంతం బిరడాకి నల్లటి గుజ్జు.
వేళ్ల మధ్య రుద్ది చూశాడు, కాటుక చూసినట్టు.
"మెత్తగుంటే వయసు.
పలుకు తగిల్తే రోగం."
ఇంకోసారి రుద్దాడు. ఏమీ అనలేదు.

ఇరుసుకి ఘాటు నూనె, గంధకం కంపు.
మిగిలింది గేర్‌బాక్సులో పోయబోతే
మణికట్టు పట్టుకున్నాడు.
"లోపట ఇత్తడి రింగులున్నయ్ బేటీ.
పండ్లను కాపాడే నూనెనే ఇత్తడిని తింటది.
మాంచిదని అందరికి పోస్తమా?"

పక్క దుకాణంలో జీఎల్ ఫోర్,
అరవై రూపాయలు తక్కువ.

పై రంధ్రం అంచున
ఒక చుక్క బయటికి తొంగిచూసేదాకా పోశాం.

రాత్రి ట్యాంక్‌బండ్ మీద
మూడో గేరు వెన్నలో వేలులా దిగింది.
రెండోది మాత్రం ఇంకా గొణుగుతోంది.
దానికి తెలుసు,
ఆ చాయ్ రంగు ఎన్ని నెలలు మోసిందో.

సబ్బుతో మూడుసార్లు కడిగాను.
పప్పన్నంలో ఇంకా గంధకం.