సున్నాలు నిండుకున్న రాత్రి

షమోకిన్ బొగ్గుగనుల ఊళ్ళో
ఆ ఏప్రిల్ చలికి రేకు పలకలు వేళ్ళకి అంటుకునేవి.
స్కోరుబోర్డు వెనక నిచ్చెన మీద ముసలి కాజిమిర్,
కింద నేను, సున్నాలు అందిస్తూ.
బేస్‌బాల్ అంటే మాకు ఒక చీలిక:
సగం పిచ్చర్, ఓ మోచెయ్యి, దుమ్ము.

పద్దెనిమిదో ఇన్నింగ్స్‌కి సున్నాలు నిండుకున్నాయి.
కాజిమిర్ తన టిఫిన్ డబ్బా మూత తగిలించాడు.
తర్వాత పెయింటు డబ్బా మూత.
తర్వాత నా టోపీ.
జనం నవ్వారు. జనమంటే ఎంతని,
నలభై మంది, ఓ కుక్క,
రాత్రి షిఫ్టు ఎగ్గొట్టిన ఇద్దరు గనివాళ్ళు.

గెలుపు లేకుండా ఇంతసేపు బతకొచ్చని
నాకెవరూ చెప్పలేదు.

ఇరవై మూడులో టక్కున ఒక చప్పుడు.
చీలికలో పరిగెత్తే కాళ్ళు,
ఏ జట్టువో తెలీలేదు.
పైనుంచి చెయ్యి చాచాడు: "ఒకటి ఇవ్వరా."

వెతికాను. అన్నిటికీ అడుగున ఉంది,
సన్నగా, మంచుముక్కలా.
వెంటనే ఇవ్వలేదు.
ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను.

బయట అప్పటికే కౌగిలింతలు, కేకలు.
బోర్డు మీద మాత్రం ఇంకా
ఎవరూ ఓడిపోలేదు.