నాలుగో రెక్క

జనవరి నెలాఖరుకి
పాతపోస్టాఫీసు వీధిలో చలి ఉండదు.
ఉందనుకోవడం సిస్టర్ ఫినోలాకి అలవాటు.
ఊలుకోటు భుజాన వేసుకుని వంటింట్లోకొచ్చి
"పారమ్మా, గడ్డి దొరికిందా?" అనేది మా అమ్మని.

గడ్డంటే ఏదో గడ్డి కాదు.
మేఘాద్రిగెడ్డ అంచున
మోకాలిలోతు బురదలో మొలిచే తుంగ.
కొడవలి తగలకూడదట, చేత్తోనే పీకాలట.
పీకి పీకి అమ్మ అరచెయ్యి చీరుకుపోయేది.
గోపాలపట్నం బస్సులో కండక్టరు
కట్టకి కూడా టిక్కెట్టు కొట్టేవాడు.

వాళ్ల ఐర్లాండులో
ఫిబ్రవరి ఒకటికి ముందురోజు రాత్రి
బ్రిజిడ్ అని ఒకావిడ ఆవుని తోలుకుని వస్తుందట.
ఆవిడ అడుగు పడితే చలికాలం లేచి పోతుందట.
"శివరాత్రికి గదా శివశివా అనుకుంటా పోతాది" అని అమ్మ.
"మా చలికి తొందరెక్కువ" అని సిస్టర్.
ఇన్నేళ్లలో ఇద్దరూ తేల్చుకోలేదు.

తుంగకట్ట చేతికిచ్చి నన్ను బయట నిలబెట్టేవారు.
మూడుసార్లు తలుపు కొట్టాలి.
"మోకాళ్ల మీద ఉండండి, కళ్లు తెరవండి,
బ్రిజిడ్‌ని లోపలికి రానివ్వండి" అనాలి.
లోపలివాళ్లు "రా తల్లీ, రా" అనాలి.
పప్పు మెదుపుతూ మా అమ్మ
"ఎవులదీ? కాళ్లు కడుక్కుని రా" అనేసేది.
సిస్టర్ నవ్వాపుకోలేక గోడ పట్టుకునేది.
పోనుపోను
ఆ మాటే ఆ పండగ మంత్రమైంది.

మడత మీద మడత, పావు తిప్పు, మళ్లీ మడత.
సిస్టర్ వేళ్లు అప్పటికే అల్లం కొమ్ములు.
మూడు రెక్కలొచ్చేవి. నాలుగోది జారిపోయేది.
చాపలల్లే ఇంట్లో పుట్టిన అమ్మ
ఏమీ అనకుండా అందుకుని
కొస పళ్లతో బిగించి ముడేసేది.
ఎవరి అల్లికెక్కడ ఆగిందో
శిలువని చూస్తే తెలిసేది కాదు.
అబద్ధం. తెలిసేది.
అమ్మ రెక్క ఎప్పుడూ ఓ పిసరు బిగువు.

రాత్రికి కిటికీ చువ్వకి తెల్లగుడ్డ.
దారిన పోతూ ఆవిడ తాకితే
ఏడాదంతా తలనొప్పికి అదే మందు.
తెల్లారేసరికి అది ఎన్నడూ తెల్లగా లేదు,
హార్బరు బొగ్గంతా దాని మీదే.
"మీ బ్రిజిడమ్మ గూడ్సుబండిలో దిగినట్టుంది."
సిస్టర్ పట్టించుకోదు, టేపు పెట్టి కొలిచేది.
రాత్రికన్నా అరంగుళం పొడుగు!
మంచుకి తడిసిన గుడ్డ సాగదా ఏటి,
అని అమ్మ నా చెవిలో.
పైకి మాత్రం, "అవునమ్మా, పెరిగింది."

శిలువ గుమ్మం మీద ఉంటే
ఇంటికి నిప్పంటుకోదు, గిన్నె నిండుకోదు.
నిప్పంటుకోలేదు.
గిన్నె సంగతి అడక్కండి.

హుద్‌హుద్ వచ్చిన ఆదివారం
మా తలుపూ, తలుపు మీది శిలువా కలిసే ఎగిరి
ఎవరి డాబా మీద వాలాయో.
చెంబుతో నీళ్లెత్తిపోస్తూ అమ్మ అంది:
"నిప్పుకి మాటిచ్చింది గానీ
గాలికివ్వలేదు గదా, పాపం."

అప్పటికి సిస్టర్ వాళ్ల ఊరెళ్లిపోయి ఆరేళ్లు.
ఆ డిసెంబరులో ఒక కవరు,
పైన వేరెవరిదో చేతిరాత.
లోపల ఎండిన తుంగ, మూడు రెక్కలు.
నాలుగోది
విరిగిందో, వదిలిపెట్టిందో.

రెండ్రోజులు దాన్ని ట్రంకుపెట్టె మీద ఉంచి
మూడోరోజు అమ్మ బస్సెక్కింది.
పచ్చితుంగ ఎండుతుంగకి అతకదు.
నాకు తెలుసు, ఆమెకి ఇంకా బాగా తెలుసు.
నానబెట్టింది, తిట్టింది, పళ్లతో బిగించింది.

ఇప్పుడది మా గ్యాసుపొయ్యి పైన,
మూడు బూడిదరంగు, ఒకటి గోధుమరంగు.
ఈ రాత్రి చువ్వకి గుడ్డ కడుతుంటే
బయట మా చిన్నది మూడుసార్లు తలుపు కొట్టింది.
మోకాళ్లన్లేదు, కళ్లన్లేదు.
లోపల్నించి అమ్మ నోరు తెరిచేలోగా
"కడుక్కునే వచ్చాను" అంది.