కారణం అనే గడి

అబ్బాసియాలో మధ్యాహ్నం షిఫ్టు.
క్లినిక్‌లో ఇద్దరు.
ఒకడికి కనుబొమ మీద మూడు కుట్లు పడతాయి.
రెండోవాడికి ఏమీ కాలేదు,
సొట్టపడ్డ స్టీలు సీసా మాత్రం
ఇంకా చేతిలోంచి వదల్లేదు.

ఎందుకు కొట్టావురా జోయెల్?
నేలచూపులు.
స్కేలు అడిగాడట, ఇవ్వలేదట,
మీ నాన్నది నీళ్ల ట్యాంకరే కదా, అన్నాడట.
అందులో తప్పేముందని అడగబోయి ఆగాను.
తప్పు కాదని వాడికీ తెలుసు.

అంబులెన్సు వచ్చేలోగా వాడే మొదలెట్టాడు,
గోడతో చెబుతున్నట్టు:
మా గదికి అడ్డంగా దుప్పటి కట్టారు మిస్,
అవతల నైట్ డ్యూటీ అంకుల్ పడుకుంటాడు.
చప్పుడైతే హారిస్ వచ్చి తలుపు బాదుతాడు.
నాన్న కొట్టినప్పుడు
దిండు కరుచుకుంటా.

ఫారంలో కారణం అనే గడి
నా చిటికెన వేలంత.
ఆటలో తగిలిన దెబ్బ, అని రాశాను,
ఎప్పుడూ రాసేదే.
తల ఎత్తితే కిటికీ అవతల
ఆటస్థలం నిండా బస్సులు.
రెండేళ్లుగా అక్కడే నిలుపుతున్నారు.

ఏసీ హోరులో జోయెల్ ఇంకేదో అన్నాడు.
వినపడలేదు, గట్టిగా చెప్పరా, అన్నాను.

వాడు నావైపు
భయంగా చూశాడు.