ఐదున్నర

ముప్పై ఏండ్లు అందరితో కొట్లాడిన మాట ఒకటే:
సూళ్ళూరు కమలవేణి ఐదున్నర శ్రుతికి పాడుతుంది.

రుజువు నా దగ్గరుంది.
కోఠిలో ఒక ఆదివారం, ఫుట్‌పాత్ మీద
సొట్టపోయిన ఇత్తడి చెంబుల పక్కన కొన్న ఎల్పీ.
అట్ట మూల ఎలుక కొరికింది,
పాట జోలికి పోలేదు.
రెండో వైపంతా ముఖారి.
తడిపిన దారం సూదిలోకి పోయినట్టు
ఆ గొంతు పై షడ్జంలోకి పోయేది.

గద్వాల చెన్నకేశవులు, ఫిడేలు పాఠాలు చెప్పే మనిషి,
మా ఇంట్లో విని, బిరడ తిప్పుతూ అన్నాడు:
"చిన్నప్పుడు కర్నూల్ల ఎదురుంగ కూసోని విన్న.
ఆమెది ఐదే. నీ ప్లేటే ఉరుకుతుంది."
నన్ను అంటే ఊకుందును.
ప్లేటును అన్నాడు.
మాట పెరిగింది, చాయ్ చల్లారింది,
పదకొండేండ్లు గద్వాల ప్యాసింజరు
మా ఇంటి వెనక నుంచి ఊరికే పోయింది.

మొన్న మద్రాసు నుంచి పోస్టులో సీడీ వచ్చింది.
అదే కచేరి, అదే రాత్రి, అదే ముఖారి.
పెట్టిన.
ఎవరో బరువైన మనిషి
మెట్ల మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ పాడుతున్నది.
మృదంగం వానకు తడిసినట్టుంది.
సీడీ చేసినోళ్ళను నోటికొచ్చినట్టు తిట్టి,
రెండూ ఒక్కసారే పెట్టి చూసిన.
పల్లవిలో పక్కపక్కనే బయల్దేరిన రెండు గొంతులు
ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటూ
చరణానికి వచ్చేసరికి
ఒకటి దేవరకద్రలో, ఒకటి వనపర్తి రోడ్డులో.

ఆర్టీసీ డిపోలో టైమ్‌కీపర్‌గా రిటైరైన.
రాయచూరు బస్సు నాలుగు నిమిషాలు ముందు కదిలితే
మెమో రాసిన చెయ్యి ఇది.
అట్ట మీద అచ్చేసే ఉంది,
ఇరవై రెండు నిమిషాల పది సెకన్లని.
ఒక్కనాడూ గడియారం పెట్టలేదు.
ఇప్పుడు పెట్టిన.
ఇరవై నిమిషాల యాభై ఐదు.

క్లాక్ టవర్ సందులో ఖుద్దూస్ భాయ్
పళ్ళెం ఎత్తి, బెల్టు తప్పించి, లోపలికి టార్చి కొట్టి
నవ్వడం మొదలుపెట్టాడు.
మోటారు కప్పీకి మూడు చుట్ల టేపు,
పసుపుపచ్చగా ఎండి.
"నా పనే సార్. యాది లేదా?
ఊర్లల్ల బోర్లన్ని ఒక్కపారి ఏస్తే
టౌన్ల బల్బులు ఎర్రగయ్యేటివి, ఆ ఎండకాలం.
అమ్మ నిద్రవోతుంది భాయ్, లేపుమని
నువ్వే ఎత్తుకొచ్చినవ్.
మూడు చుట్లు చుట్టి లేపిన.
తర్వాత కరెంటు మంచిగైంది, నువ్వు మళ్ళ రాలే."

కరెంటు బాగుపడిందని
మెకానిక్ దగ్గరికి ఎవరు పోతారు?

నేను ప్రాణం పెట్టిన ఆ అరశ్రుతి
ఆమె గొంతుది కాదు.
జడ్చర్ల దాకా, నాగర్‌కర్నూల్ దాకా
రాత్రి మూడింటికి లేచి స్విచ్చి వేసిన
రైతుల బోరుబావులది.
ఖుద్దూస్ భాయ్ గోటితో టేపు గీకేశాడు.
వేరుశెనగ పొట్టులా చిట్లింది.
పాత బస్సు టికెట్టులో చుట్టి తెచ్చుకున్న, ఎందుకో.

ఇప్పుడు ప్లేటూ సీడీ కలిసే నడుస్తాయి,
ప్లేటు చెప్పుల్లో మాత్రం కొంచెం ఇసుక.
ఐదున్నరలో ఆమెకు వయసు లేదు.
ఐదులో మోకాళ్ళ నొప్పి కూడా వినబడుతుంది.
ఇది ఆమేనని తెలుసు.
అలవాటు కావడానికి ఇంకా టైం పడుతుంది.

రాత్రి గద్వాలకు ఫోన్ చేసిన.
హలో కూడా అనకుండా "ఐదే" అన్న.
అటు ఎవరో పిల్లలు సరళి స్వరాలు గీస్తున్నారు.
"ఏం ఐదు?" అన్నాడు చెన్నకేశవులు.
బోర్లు, బల్బులు, మూడు చుట్లు, అంతా చెప్పిన.
"తీసేసినవా?"
"తీసేసిన."
కాసేపు పిల్లల సరిగమలే.
"ఉంచాల్సుండె," అన్నాడు,
"ఒక్కసారి వచ్చి ఇందును గద."