నిదానపు మంట

కాశీబుగ్గ ఫ్లైఓవరు కింద నా కొట్టు.
పేరుకి కంప్యూటర్ల ఆసుపత్రి,
గాలి మటుకు జీడిగింజల పొగది.
కీబోర్డు తుడిచిన గుడ్డక్కూడా
సాయంత్రానికి అదే వాసన.

హరిపురం బడి నుంచి
బిసాయి వల్లభరావు మాస్టారు వచ్చారు.
ఏడు పాత పెట్టెలట.
పెన్‌డ్రైవు గుచ్చితే గుర్తుపట్టవు,
నోట్లో డిస్కు పెడితేనే లేస్తాయి.
"లినక్సు ఏడు కాపీలు కాల్చియ్యి నాయనా,
ఎక్కించడం పిల్లలు చూసుకుంటారు."

రాత్రంతా దిగింది ఇమేజి.
తెల్లారాక పేచీ, దేనితో కాల్చాలని.

కే-త్రీ-బీ మంచిదే,
కానీ ఒక్క డిస్కు కాల్చడానికి
తన చుట్టపక్కాలందరినీ దింపుతానంది.
నా డబ్బాలో అంత చావడేదీ?

బ్రసేరో అంటే
ఏదో దేశపు మాటలో కుంపటట.
పేరు చూసి మనసుపడ్డాను.
రాజేసినవాళ్ళు లేచిపోయి ఏళ్ళయింది కాబోలు,
తొంభైతొమ్మిది శాతం దగ్గర ఆగి
నా మొహం చూస్తూ కూర్చుంది.
ఒక డిస్కు పోయింది.

నల్లతెర మీద ఆజ్ఞ కొట్టి కాల్చే దారీ ఉంది.
ఒక అడ్డగీత మరిచానంతే,
రెండోదీ పోయింది.

రెండిటినీ పెరట్లో బొప్పాయికి వేలాడదీశాను.
కాకులైనా భయపడతాయని.

ఫ్యాక్టరీ వదిలాక దాలమ్మ పిన్ని వచ్చి
గుమ్మంలో చతికిలబడింది.
"ఏటిరా, పొద్దున్నించీ ఏటి మాడుస్తన్నావు?"
చెప్పాను.
"ఎంత మంట మీద?"
యాభైరెండు రెట్ల వేగం, అన్నాను గొప్పగా.
ఆవిడ నవ్వుకి ప్రింటరు మీది పిల్లి లేచిపోయింది.
"మంట పెద్దదైతే పైన మాడతాది, లోన పచ్చిగుంటాది.
తగ్గించు బాబూ.
గింజకి తొందర నేదు, నీకే."

ఎక్స్‌ఎఫ్‌బర్న్ తెరిచాను. చిన్నది.
నాలుగు బొమ్మలు, ఒక బొత్తం.
వేగం ఎనిమిదికి దించాను.
అప్పుడే కరెంటు పోయింది,
ఇన్వర్టరు కీచుమంటూ భుజం పట్టింది.

పిన్ని ఖాళీ డిస్కొకటి వెలుగుకి తిప్పింది.
"దీనిమీదా ఏలిముద్రేనా?"
నిజమే, అంత సన్నని చుట్లు.
ఆవిడ వేళ్ళకి లేవు అవి.
ముప్పయ్యేళ్ళ జీడిచమురు తినేసింది.
రేషను కొట్టు మిషను
నెలనెలా ఆవిణ్ణి నువ్వెవరంటుంది.

"ఇదేటడుగుద్ది మరి?"
ఏమీ అడగదు పిన్నీ.
వేలు అడగదు, తాళంచెవి అడగదు,
ఎందుకని కూడా అడగదు.
"ఊరికే ఇచ్చీసినోళ్ళు ఎవులు?"
ఎవరో. మొహాలు తెలీవు.
రాత్రుళ్ళు కూర్చుని రాసి
తలుపు తెరిచి వదిలేసినవాళ్ళు.
"ఆళ్ళకి కూలెవులిస్తారు?"

ట్రే లోపల గిర్రున తిరుగుతున్న చప్పుడు.
నా దగ్గర జవాబు లేదు.
ఆరిపోయిన కుంపటి ఒక్కటే గుర్తొచ్చింది.

కాలింది.
ముప్పైరెండు అక్షరాల లెక్క సరిచూశాను.
ఒక్కటి తప్పితే బద్ద,
తప్పకపోతే గుండు.
గుండే!

మాస్టారు నమూనాకి వదిలిన పెట్టెలో పెట్టి లేపాం.
దగ్గింది, మూలిగింది,
తెర మీద తెల్లక్షరాలు రెండు వరసలు వచ్చి నిలబడ్డాయి.
పిన్నికి చదువు రాదు.
అయినా లేచొచ్చి ఒక మాట మీద వేలు పెట్టింది.
ఓడలెక్కే అట్టపెట్టెల మీద
రోజూ చూసే అచ్చు అది.
కెర్నల్.

"ఇది పప్పురా," అంది. "మన పప్పే."

కాదనడానికి నోరు తెరిచి
మూసుకున్నాను.

ఇంకా ఆరున్నాయి.
నాకు ఆకలేస్తోంది, చీకటి పడింది.
పిన్ని లేవలేదు.
"నువ్వెళ్ళి తినొచ్చీ,
మంట నాను చూస్తానుంటాను," అని
ట్రే పక్కకి స్టూలు జరుపుకుంది.