తడి ఆరకముందే

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
మందుల షాపు తలుపు తెరిస్తే
ముందు బొగ్గుపొగ వస్తుంది, వెనక మనిషి.

ల్హామ్‌సురేన్ చేతి తొడుగుల్ని పళ్ళతో లాగింది.
వేలు మడతపడే ప్రతిచోటా నెర్రె,
రెండింట్లో ఎర్రదారం ముక్కలు.
అరలోంచి రెండు డబ్బాలు తెచ్చి బల్లమీద పెట్టి
"ఈ అక్షరాలు చీమ తలకాయలు. నువ్వు చదువు.
ఒకటి పదకొండు వేలు, ఒకటి నలభై ఎనిమిది.
మధ్యలో ఉన్న ముప్ఫై ఏడు వేల తుగ్రిగ్‌లూ
ఎక్కడున్నాయో చూపించు" అంది.

చదివాను.
రెండింట్లోనూ మొదటి పేరు నీళ్ళే.
"నీళ్ళకా!"
నీళ్ళకే.
రెండోది గ్లిజరిన్, రెండింట్లోనూ.
పేరుకోసం పాకులాడని పాత పనివాడు,
మూతమీద వాడి బొమ్మ ఎవరూ వెయ్యరు.

అక్కణ్ణుంచి దారులు చీలాయి.
ఖరీదైన సీసాలో హైలురోనిక్ యాసిడ్.
తన బరువుకి వెయ్యింతల నీటిని పట్టుకుంటుందట,
నీలిచుక్క కూడా అచ్చేశారు.
"ఎక్కణ్ణుంచి పట్టుకుంటుంది?"

అయిదేళ్ళ చదువులో నన్నెవరూ అడగని మాట.
గాలిలో తడి ఉంటే గాలిలోంచి.
ఈ ఊరి గాలిలో ఇప్పుడేముంది, మసి తప్ప?
అక్కడ దొరక్కపోతే అడుగు చర్మంలోంచే తోడుతుంది,
కింది అంతస్తు కుళాయి ఎండగట్టి
పై అంతస్తు తొట్టి నింపినట్టు.
"అయితే మూతలేని కుండ" అంది.
నేను పేజీలు చదివి నేర్చుకున్నది
ఆమె రెండు మాటల్లో తేల్చేసింది.

చవక డబ్బాలో యూరియా, పది పాళ్ళు.
దాని పుట్టుక చెప్పేసరికి
"ఒంటె ఊరికే పోస్తుంది కదే!" అని
పెదవి పగిలేలా నవ్వింది.
మంచిదే, మొరటు మడమని మెత్తబరుస్తుంది.
కానీ తెరుచుకున్న నెర్రెలమీద రాస్తే
మిరపకాయ నూరినట్టుంటుందని చెప్పాను.

సగం దిగాక కనిపించని గీత ఒకటి ఉంటుంది.
ఒక శాతానికి తక్కువైనవాళ్ళు
ఏ వరుసలో నిలబడినా అడిగేవాడుండడు.
అందుకే ముత్యాలపొడి, సముద్రపు నాచు
పెళ్ళిఫోటోలో దూరపు చుట్టాల్లా
ఎగబడి ముందుకొస్తాయి.

ఖరీదైన సీసా జాబితాలో, సువాసనకి ఒక మెట్టు పైన,
లానోలిన్.
"అదేమిటి?"
గొర్రె ఉన్నిమీది జిడ్డు.

ల్హామ్‌సురేన్ మాట్లాడలేదు.
పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే:
వేడినీళ్ళలో సోడా పోసి
ఉన్ని జిడ్డు వదిలేదాకా తొక్కడం, పిండడం,
పసుపు నురగని కాలవలోకి తోసెయ్యడం.
ఆ సోడాకి ఉన్నికీ వేలికీ తేడా తెలీదు.
రెండింటి జిడ్డూ ఒకే కాలవలో పోయింది.

నమూనా సీసా మూత తీసి వాసన చూసింది.
"గులాబీ వెనక దాక్కుంది, దొంగది.
ఇది మా మూడో తొట్టి."

గొర్రెతోక బెత్తెడని ఎవరన్నారో గానీ
మా గొర్రెల తోక దోసెడు కొవ్వు.
వాళ్ళమ్మ అది కరిగించి బుగ్గలకి రాసేదట,
బడిలో పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట.
"చర్మం మాత్రం చిరగలేదు" అంది,
ఎవరిమీదో కోపంగా.

రెండు డబ్బాలూ వెనక్కి జరిపాను.
కింది అరలో పెట్రోలియం జెల్లీ, రెండున్నర వేలు.
జాబితా మొత్తం ఒక్క పేరు.
నీళ్ళు ఇవ్వదు. ఉన్నవాటిని పోనివ్వదు.
వెనక సింకు దగ్గరికి తీసుకెళ్ళి
గోరువెచ్చని నీళ్ళు వదిలాను.
"తుడవకు. తడి ఆరకముందే రాయి."
కడవకి వాసెన కట్టినట్టు
ఒక్కో వేలూ, గోటి చుట్టూ, నెర్రె అంచులూ,
తీరిగ్గా మూసుకుంటూ వచ్చింది.
పైన పాత తొడుగులు.

డబ్బులిచ్చి వెళ్ళబోతూ ఏదో మర్చిపోయినట్టు ఆగి,
తొడుగు తీసి తలుపుపిడి పట్టుకుంది.
జారింది. మళ్ళీ జారింది.
"చూశావా, లోపలున్నది బయటికి పోకుండా చేస్తే
మనిషే బయటికి పోలేకుండా ఉంది!"
నేనే వెళ్ళి తెరిచాను.
మైనస్ ముప్ఫై లోపలికొచ్చింది, ఆమె అందులోకి వెళ్ళింది.

పిడిమీద మిగిలిన జిడ్డు నా అరచేతికి అంటింది.
తుడుచుకునే గుడ్డ కోసం చూసి,
మానేసి,
కణుపులమీద రుద్దుకున్నాను.