రంగం లెక్క

తాళ్ళరేవు సంతలో ఎండురొయ్యలు
సోలతో కొలిచేటప్పుడు
మా మామ్మ నూకరత్నం బర్మా భాషలో లెక్కపెట్టేది.
తిత్, నిత్, తోం, లే, ఙా, చౌక్.
అక్కడ ఆగి, మళ్ళీ తిత్.
ఏడు అన్న మాట
ఆవిడ నోట ఎవరూ వినలేదు,
లెక్కకీ, కంటికీ.

"ఈ ముసల్ది మోసం చేస్తంది" అని
యానాం బేరగాళ్ళు పోట్లాడితే
గుప్పెడు కొసరేసి పంపేది.

బళ్ళో మేష్టారు యుద్ధానికి కారణాలు రాయించారు.
ఐదు కారణాలు, ఐదు మార్కులు.
ఇంటికొచ్చి బట్టీ పడుతుంటే
చేటలో పొట్టు చెరుగుతూ మామ్మ అంది:
"నూనెరా. మా నాన్న మోసిన పీపాల్లో నూనె.
ఆడికి కావాల్సొచ్చింది, ఈడు ఇవ్వనన్నాడు.
దానికిన్ని పేర్లెందుకు?"

అప్పట్లో కోరంగి వాళ్ళకి రంగం అంటే ఊరే.
రంగూన్ అనడానికి నోరు తిరగక కాదు,
పక్కూరి పేరులా వాడి వాడి అరిగిపోయింది.
"మీ ఆయనేడే?"
"రంగంలో ఉన్నాడు."
ఆ మాటకి ఇంకో అర్థం ఉందని
డిసెంబరులో ఓ పొద్దున తెలిసింది.

సైరను కూస్తే దాక్కోవాలని
కూలీలకి ఎవరు చెప్పారు?
విమానాలొచ్చాయని చూడ్డానికి
రేవంతా బయటికొచ్చి తలలెత్తింది.
ఎండలో చందువా చేపల్లా మెరిశాయంట.
మామ్మ అన్న గవర్రాజు వాటిని లెక్కపెట్టడం మొదలెట్టాడు.
ఎందాకా వచ్చాడో ఆవిడకి గుర్తు లేదు.

సిరియంలో నూనె ట్యాంకుల్ని
అంటించింది జపానోడు కాదు,
వదిలిపోతున్న తెల్లదొరే.
ఆరేళ్ళు మా ముత్తాత పెంటయ్య వీపు మోసిందంతా
నల్లగా ఆకాశానికెక్కింది.
రావాల్సిన రెండు నెలల కూలి
రాసిన పుస్తకమూ అందులోనే.

ఇక నడక.
అమ్మ, నాన్న, బాబాయి, అన్న, తను,
రంగంలో పుట్టింది కాబట్టి
రంగమ్మ అని పేరుపెట్టిన చంటిది.
తెల్లోళ్ళకి నీళ్ళున్న దారి,
మనకి కొండదారి.
చీకటి పడగానే పెంటయ్య ఒక్కొక్కర్నీ తడిమి
బర్మా అంకెల్లో లెక్కపెట్టేవాడు.
ఆయన నేర్చింది
బస్తాల లెక్క ఒక్కటే మరి.

ప్రోములో కలరా. బాబాయి.
ఆ రాత్రి ఙా దగ్గర ఆగింది.
కొండెక్కాక వెదురు గణుపులు నరికి తడి నాకారు.
అమ్మ ఒక మలుపులో కూచుని
"మీరు పదండి, వస్తాను" అంది.
ఆ రాత్రి లే.
గవర్రాజు సంగతి మామ్మ ఎప్పుడూ చెప్పలేదు.
రంగమ్మ నాన్న భుజం మీదే ఉంది.
నిత్ అన్నాక కూడా
తెల్లారేదాకా ఆయన దాన్ని దించలేదు.

సామర్లకోటలో రైలు దిగి నడిచొస్తుంటే
ఎదురుగా బళ్ళు.
మంచాలు, కుంపట్లు, గంపల కింద కోళ్ళు, ముసలాళ్ళు.
అప్పటికే కాకినాడ మీద బాంబు పడింది,
కోరంగి రామచంద్రపురం వైపు పరిగెడుతోంది.
"ఎక్కడికిరా పెంటయ్యా, అటెక్కడికి?"
యుద్ధం దాటి ఇంటికొస్తున్న ఇద్దరికి
యుద్ధానికి జడిసి ఇల్లే ఎదురొచ్చింది.
ఎటూ నడవక
కాసేపు దారి మధ్యలో నిలబడ్డారంట.

"చచ్చిన సిపాయిలకి అక్కడ రాళ్ళున్నాయంట మామ్మా,
వరసగా, పేర్లతో. గడ్డి కోసి శుభ్రంగా ఉంచుతారంట."
"మంచిదే" అంది.
"మా అమ్మ ఆ మలుపులో కూచునే ఉంది కదా."

తర్వాతెప్పుడో
సముద్రం మీద మొదటిసారి ఆ మంట కనిపించిన రాత్రి,
మడ అడవి తలల పైన ఎర్రగా, ఆరకుండా.
"ఏంట్రా అది?"
"నూనె మామ్మా. సముద్రం అడుగున పడిందంట.
మన దశ తిరుగుద్దంట."

మామ్మ మాట్లాడలేదు.
వాకిట్లో చాపల మీద వరసగా మనవలం.
వంగి, ఒక్కో తలా తడిమింది.
తిత్, నిత్, తోం, లే, ఙా, చౌక్.
ఏడోవాణ్ణి నేను.
నా నెత్తి మీద చెయ్యి ఆగింది.
చాలాసేపు
అక్కడే ఉంది.